పాత దెబ్బ ఇంకా సలుపుతుంటే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బండి మీద నుంచి పడి ఏళ్లు గడిచినా, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా మోకాలి సలుపు మానలేదని, ఇక నడక తగ్గించేద్దామనుకుంటున్నావని రాశావు. ఆ చివరి మాట ఒక్కటే నాకు నచ్చలేదు.

ఎక్స్‌రేలో బాగా కనిపించేది ఎముక. కీలు లోపల ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తని మృదులాస్థి, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు అందులో కనిపించవు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బతింటే చర్మం పూడినట్టు పూడదు. దానికి పోషణ ప్రధానంగా కీలులోని జిగట ద్రవం నుంచే అందుతుంది, కీలు కదులుతుంటేనే ఆ ద్రవం బాగా ఆడుతుంది. కాలు కదపకుండా కూర్చుంటే దాని తిండి నువ్వే ఆపినట్టు. పైగా ఇన్నేళ్లూ ఆ కాలిని కాచుకుంటూ వచ్చావు, తొడ ముందు కండరం చిక్కిపోయే ఉంటుంది. మోకాలి చిప్పకు జానెడు పైన రెండు తొడలకూ టేపు చుట్టి చూడు. నొప్పి కాలి తొడ బాగా సన్నబడి ఉంటే, కండరం మోయాల్సిన బరువు కీలు మీద పడుతూ ఉండవచ్చు.

కాబట్టి ముందు కండరం సంగతి చూడు. వెల్లకిలా పడుకుని మంచి కాలు మడిచి, నొప్పి కాలు చాపు. తొడ బిగించు. మోకాలి చిప్ప కాస్త పైకి జరగడం చేత్తో తాకితే తెలుస్తుంది. అది తెలిశాకే కాలు ఎత్తు, అడుగు ఎత్తు చాలు. అయిదు లెక్కపెట్టి నెమ్మదిగా దించు. ఇలా పదిసార్లు. దబ్బున వదిలేయకు, దించేటప్పుడూ కండరానికి పనే. ఇది తేలికయ్యాక, కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టు. పది రోజుల్లో ఏమీ కాలేదని మానేయకు. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది.

ఎంత చేయాలన్నది మర్నాటి ఉదయం చెబుతుంది. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి వచ్చినా భయం లేదు, 24 గంటల్లో మామూలుకు రావాలి. మర్నాటికి వాపు, నొప్పి హెచ్చితే కొలత సగానికి తగ్గించు, మానకు. నీ తీరు నాకు తెలుసు. నొప్పి లేని రోజు పేరుకుపోయిన పనులన్నీ ఒక్కపూటలో తెమిల్చి, తర్వాత రెండు రోజులు మంచం పడతావు. బాగున్న రోజున కూడా అదే కొలతకు కట్టుబడటమే ఇందులో అసలు కష్టం.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కర్ర అవసరమైతే నొప్పి కాలికి ఎదుటి చేత్తో పట్టుకో. నాటకాల్లో కుంటి వేషం కట్టేవాళ్లను చూసి చాలామంది తప్పు చేతిలో పట్టుకుంటారు. చేయి వేలాడేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి.

బరువు గురించి నువ్వు రాయలేదు, నేనే రాస్తున్నాను. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. కోపం తెచ్చుకోకు.

పట్టేసినట్టుంటే వేడి కాపడం, వాచి ఉంటే ఐసు, ఏదైనా గుడ్డ చుట్టి పావుగంట. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా రోజూ మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు, రక్తపోటూ పెరుగుతుంది. మోకాలికైతే ముందు పైపూత జెల్ వాడి చూడు. వాపు తగ్గించడానికి కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉపశమనం సాధారణంగా కొన్ని వారాలే, తరచుగా వేయించుకోవలసింది కాదు.

కీలు ఎర్రబడి వేడెక్కి జ్వరం కూడా వస్తే, అదే రోజు ఆస్పత్రికి వెళ్లు, కాపడాలతో కాలక్షేపం చేయకు. మడిచిన మోకాలు ఇరుక్కుపోయి చాచలేకపోయినా, నడుస్తుంటే తటాలున జారిపోయినా ఎముకల డాక్టరుకు చూపించు. పొద్దున్నే బిగుసుకున్న కీలు అరగంటలో వదిలితే పాత దెబ్బ తాలూకుదే కావచ్చు. గంట దాటినా వదలకపోతే, వేరే కీళ్లు కూడా వాస్తుంటే అది వేరే జబ్బేమో పరీక్ష చేయించాలి. డాక్టరు దగ్గర ఉత్తినే నొప్పి అనకు. ఏ కదలికలో వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, రాత్రి నిద్ర లేపుతోందా అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లు.

మీ పెదనాన్న