1944 నార్మండీ జర్మన్ బొమ్మలకు ఏ కామఫ్లాజ్ వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: 1/35 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 35వ వంతులో, ఫ్రాన్స్‌లోని నార్మండీలో 1944 జూన్‌లో జరిగిన యుద్ధం మీద డయోరామా (చిన్న నమూనా దృశ్యం) చేస్తున్నారు. కిట్‌లో నలుగురు జర్మన్ పదాతి సైనికులున్నారు. డబ్బా మీది బొమ్మలో నలుగురూ మెడ నుంచి మడమ దాకా చుక్కల కామఫ్లాజ్‌లో ఉన్నారు. నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో డిజైను, ఒక్కో రంగు. ఏది సరైనదో ఎలా తేల్చుకోవాలి?

నేను చాలా ఏళ్లుగా ఇదే స్కేల్‌లో, ఎక్కువగా పశ్చిమ రంగం బొమ్మలే చేస్తున్నాను. డిజైను దగ్గర ఎప్పుడూ మొదలుపెట్టను. ఈ సైనికుడు ఏ దళం వాడు, అది ఏ నెల, ఒంటి మీదున్న బట్ట ఏది అని ముందు చూసుకుంటాను. ఈ మూడూ తేలితే డిజైను దానంతటదే తేలిపోతుంది. రంగు సంగతి అన్నిటికన్నా చివర.

మీరు ఆశించని జవాబు ముందే చెప్పేస్తాను. నార్మండీలోని మామూలు జర్మన్ పదాతి సైనికుల్లో చాలామంది ఒంటి మీద కామఫ్లాజ్ చొక్కా లేదు. సాదా ఫీల్డ్‌గ్రే (ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు) ఉన్ని యూనిఫాం, హెల్మెట్ మీద ఒక వల లేదా పట్టీ, అందులో దూర్చిన ఆకులు, అంతే. మీ నలుగురూ ఆర్మీ వాళ్లే అయితే డబ్బా మీది బొమ్మను పక్కన పెట్టేయొచ్చు. చుక్కల డిజైను ఆర్మీది కాదు, నాజీ పార్టీ సొంత సాయుధ దళమైన వాఫెన్ ఎస్‌ఎస్‌ది.

ఆర్మీ కామఫ్లాజ్ అంటే ప్రధానంగా స్ప్లింటర్. 1931లో, హిట్లర్ అధికారంలోకి రాకముందే వచ్చింది. దాన్ని మొదట అచ్చు వేసింది చొక్కా మీద కాదు, త్సెల్ట్‌బాన్ అనే మూడు కోణాల డేరా గుడ్డ మీద. ఒకవైపు ముదురు, రెండోవైపు లేత. కోసుగా ఉండే ఆకుపచ్చ, గోధుమ ముక్కలు, వాటి మీద సన్నటి నిలువు గీతలు. ఈ గుడ్డ సైనికుడి దగ్గర మామూలుగా ఉండే సామానే. వానొస్తే తల దూర్చి పోంచోలా వేసుకునేవాడు, లేకపోతే చుట్టి బెల్టుకు కట్టుకునేవాడు. ఇదే డిజైనులో పైన తొడుక్కునే స్మాకూ, హెల్మెట్ కవరూ ఆర్మీకి 1942లో వచ్చాయి. వాటిని తిరగేస్తే తెల్లగా ఉంటాయి, మంచులో వాడుకోవడానికి. 1943లో మార్ష్ అనే డిజైను చేరింది. దాదాపు అదే అమరిక, కానీ ముక్కల అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి.

పారాట్రూపర్లు వైమానిక దళం మనుషులు, వాళ్ల జంప్ స్మాక్ వేరు. 1940లో హాలండ్‌లో దిగినప్పుడు అది సాదా ఆకుపచ్చ బూడిద రంగు. తర్వాత స్ప్లింటర్, ఆ తర్వాత మార్ష్. కరెంటాన్ దగ్గర పోరాడిన 6వ పారాచూట్ రెజిమెంట్ వాళ్లను చేయాలనుకుంటే కామఫ్లాజ్ స్మాక్ నిస్సంకోచంగా వేయొచ్చు.

వాఫెన్ ఎస్‌ఎస్ దారి వేరు. ఒట్టో షిక్ అనే చిత్రకళా ఆచార్యుడు చెట్ల ఆకుల గుండా పడే వెలుతురు ఆధారంగా గీసిన డిజైన్లు వాళ్లవి. ఒకవైపు వసంతకాలపు ఆకుపచ్చ, తిరగేస్తే శరత్కాలపు గోధుమ. ప్లేన్ ట్రీ, బ్లర్డ్ ఎడ్జ్, ఓక్ లీఫ్ అంటూ మోడలర్లు వాడే పేర్లలో చాలావరకు యుద్ధం తర్వాత పాత యూనిఫాంలు సేకరించేవాళ్లు పెట్టినవే. అప్పటి ఫోటోల క్యాప్షన్లలో ఈ పేర్లతో వెతికితే ఏమీ దొరకదు. మీ డబ్బా మీదున్న చుక్కల డిజైను, అంటే పీ డాట్, 1944లో వచ్చింది. ఇది తిరగేసి తొడుక్కునే స్మాక్ కాదు. పల్చటి నూలు బట్టతో కుట్టిన చొక్కా, ప్యాంటు, ఒకవైపే అచ్చు. కాబట్టి రష్యాలో 1943 జూలైలో జరిగిన కుర్స్క్ యుద్ధపు బొమ్మ మీద చుక్కలు కనిపిస్తే అది తప్పని వెంటనే చెప్పేయొచ్చు. నార్మండీలో అసాధ్యం కాదు. కానీ నలుగురికి నలుగురూ కొత్త చుక్కల సూట్లలో ఉంటే నేనైతే నమ్మను. పాత స్మాక్, కింద సాదా ఉన్ని ప్యాంటు, అక్కడక్కడా ఒక చుక్కల చొక్కా, ఇదీ నమ్మదగ్గ కలయిక.

ఇంకో సరదా సంగతి. 1929లో ఇటలీ తన డేరా గుడ్డల కోసం ఒక కామఫ్లాజ్ అచ్చు వేయించింది. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక ఆ బట్ట థాన్లకు థాన్లు జర్మన్ల చేతికి చిక్కింది. దాంతో కుట్టిన యూనిఫాంలు 1944లో నార్మండీలో 12వ ఎస్‌ఎస్ పాంజర్ డివిజన్ వాళ్ల ఒంటి మీద కనిపిస్తాయి. డయోరామాలో అలాంటి చొక్కా ఒక్కటి పెడితే చూసినవాళ్లు తప్పకుండా ఆగి అడుగుతారు.

ఎస్‌ఎస్ బొమ్మలు చేసేవాళ్లు తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. వాఫెన్ ఎస్‌ఎస్ యూనిఫాంలలో చాలా వాటిని కుట్టింది రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో బందీలుగా ఉన్న ఆడవాళ్లు. నార్మండీలో ఆర్డెన్ మఠం దగ్గర కెనడా యుద్ధఖైదీలను కాల్చి చంపింది ఆ 12వ డివిజన్ వాళ్లే. నేను వాళ్ల బొమ్మలు తక్కువే చేస్తాను. చేసినా, ఎగ్జిబిషన్‌లో పెట్టినప్పుడు పక్కన కార్డు మీద ఈ మాట రాస్తాను. "ఎందుకివన్నీ" అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. యూనిఫాం గుండీల దాకా కచ్చితంగా ఉండాలని పట్టుబట్టేవాళ్లకు ఈ విషయం మాత్రం ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కాదు.

ఇక ఫోటోలు. మొదట చూడాల్సింది జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్, అంటే బుండెస్‌ఆర్కీవ్. 2008 డిసెంబరులో వాళ్లు 80,000కు పైగా ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెట్టారు. సైజు చిన్నదే, అయినా మన పనికి సరిపోతుంది. ప్రతి ఫోటోకూ ఒక నంబరు ఉంటుంది, దాని మొదటి భాగం చూడండి. 101 పక్కన రోమన్ అంకె ఒకటి ఉంటే ఆర్మీ లేదా వైమానిక దళం ప్రచార కంపెనీ (ప్రచారం కోసం ఫోటోలు తీసే సైనిక విభాగం) తీసిన ఫోటో. మూడు ఉంటే వాఫెన్ ఎస్‌ఎస్ ఫోటోగ్రాఫర్ తీసింది. దళం ఏదో తేల్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. అయితే కింద రాసున్న క్యాప్షన్ చాలాసార్లు అప్పటిదే, అందులో తప్పులూ పక్షపాతమూ ఉండొచ్చని ఆర్కైవ్స్ వాళ్లే హెచ్చరిస్తారు. తేదీ, ఊరు మరో ఆధారంతో సరిచూసుకోవాలి. పక్కపక్క నంబర్ల ఫోటోలు తరచుగా ఒకే ఫిల్ము రోల్‌వి. అదే మనిషి వెనక నుంచి, పక్క నుంచి దొరకొచ్చు. వీపు మీద సామాను ఎలా కట్టుకున్నాడో తెలిసేది అక్కడే.

ఒక ఇబ్బంది ఏమిటంటే ఇవి ప్రచారం కోసం తీసినవి. అందంగా, ధీమాగా, కొత్త బట్టల్లో ఉన్నవాళ్లనే ముందు నిలబెట్టేవారు. అందుకే నేను వీటికన్నా ఎదుటి పక్షం తీసిన ఖైదీల ఫోటోలను ఎక్కువ నమ్ముతాను. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో నార్మండీ ఖైదీల ఫోటోలు బోలెడు. ఒకే వరసలో ఒకడు స్మాక్‌తో, ఒకడు ఉన్ని కోటుతో, ఒకడు చొక్కా చేతులు మడిచి నిలబడి ఉంటారు. ఎవరూ పోజు ఇవ్వరు. ఏ బట్ట ఎంతమంది దగ్గర ఉండేదో ఒక అంచనాకు రావాలంటే ఇవే చూడాలి.

యుద్ధ వేషం కట్టి ఉత్సవాల్లో తిరిగే రీఎనాక్టర్ల ఫోటోలతో మాత్రం జాగ్రత్త. వాటిని బ్లాక్ అండ్ వైట్ చేసి అసలువిగా తిప్పుతుంటారు. మనుషుల వయసు, పొట్ట, మరీ స్పష్టంగా కనిపించే ప్రతి కుట్టూ పట్టించేస్తాయి. వేలంపాటల్లో "ఒరిజినల్" అని అమ్మే బట్టల మీదా అంతే అనుమానం ఉండాలి. ధర ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే.

రంగు గురించి మరీ టెన్షన్ పడకండి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అచ్చు వేసిన మిల్లును బట్టి, ఉతికిన కొద్దీ, ఎండలో తిరిగిన కొద్దీ రంగు మారిపోయేది. ఇవాళ మ్యూజియంలో కనిపించేది ఎనభై ఏళ్ల తర్వాతి రంగు. అప్పటి కలర్ ఫిల్మూ కాలంతో పాటు మారింది. ఈ ఆకుపచ్చకు ఈ నంబరు సీసా అని చెప్పే చార్టును ఆరంభంగా వాడుకోండి, తీర్పుగా కాదు. నేను చేసేది ఒకటుంది. బొమ్మకు రంగు వేశాక ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటో తీసి, అప్పటి ఫోటో పక్కన పెట్టి చూస్తాను. ముదురు, లేత మధ్య తేడా రెండింట్లోనూ దగ్గరగా ఉంటే చాలు. ఫిల్మును బట్టి కొంత తేడా వస్తుంది, అయినా మరీ ముదురు గోధుమ వేసేశామా అన్నది తెలిసిపోతుంది.

పెయింటింగ్‌లో స్కేల్‌ను మర్చిపోవద్దు. అసలు బట్ట మీద ఒక సెంటీమీటరు చుక్క 1/35లో 0.3 మిల్లీమీటరు కూడా ఉండదు. స్ప్లింటర్ మీది సన్నటి గీతలన్నీ గీస్తే బొమ్మకు తట్టు పోసినట్టుంటుంది. కొన్నిచోట్ల మాత్రమే గీసి వదిలేయండి. డిజైనును కుట్టు దగ్గర తెంపండి. బట్ట మీద అచ్చు ముందు, కత్తిరింపు తర్వాత. కాబట్టి భుజం మీద ముక్కకూ చేతి ముక్కకూ, చొక్కాకూ జేబుకూ డిజైను కలవదు. ఆకారాలను కుట్టు మీదుగా పారించేస్తే ఎంత బాగా వేసినా ఒంటి మీద పచ్చబొట్టులా కనిపిస్తుంది. ఎస్‌ఎస్ స్మాక్ చేతులు మడిచి ఉంటే ఆ మడతలో రెండోవైపు గోధుమ రంగు కనిపించాలి. వాచీ రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునే లూప్ ఒకటి కొనుక్కోండి, ఖరీదైన బ్రష్షుల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మీ నలుగురి సంగతి. నేనైతే వాళ్లను ఆర్మీ పదాతి వాళ్లుగా చేస్తాను. ముగ్గురికి సాదా ఫీల్డ్‌గ్రే, ఒక్కోటి ఒక్కో మోతాదులో వెలిసినట్టు. వాళ్లలో ఒకడి హెల్మెట్‌కు స్ప్లింటర్ కవర్, ఇంకొకడి నడుముకు చుట్టిన త్సెల్ట్‌బాన్, అది ముదురు వైపు బయటికి. నాలుగోవాడికి స్ప్లింటర్ స్మాక్. స్మాక్ అంచు కింద తెల్లటి లోపలి వైపు సన్నగా, మురికి పట్టినట్టు కనిపించనివ్వండి. లేదు, ఎస్‌ఎస్సే చేయాలనుకుంటే నార్మండీలోని కాన్ నగరం చుట్టుపక్కల ఖైదీల ఫోటోలు ముందు చూసి, ఎవరికి ఏ బట్టో రాసుకున్నాక రంగు సీసాలు తెరవండి.