ఆ దేశం లెక్క వేరు, ఆ గది లెక్క వేరు

ప్రశ్న: మాది కడప జిల్లా సిద్ధవటం దగ్గర పల్లె. మా ఆయన పదకొండేళ్లుగా కువైట్‌లో ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకిచ్చే వీసా) మీద ఇంటి డ్రైవర్. జీతం 140 దినార్లు, మన డబ్బుల్లో నలభై వేల దాకా వస్తుంది. ఇక చాలు, వచ్చేస్తానంటున్నాడు. మా మామ మాత్రం ‘అంత డబ్బున్న దేశం వదిలి ఈ కరువు సీమకొచ్చి ఏం బతుకుతాడు?’ అని ఒప్పుకోవడం లేదు. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. నిజంగా ఎక్కడి బతుకు మేలు సార్?
- పేరు వేయొద్దు

జవాబు: అమ్మా, నేను కువైట్‌లోని ఫర్వానియాలో ఒక కంపెనీలో పన్నెండేళ్లు లెక్కలు రాసి, 2011లో కడపకు వచ్చేశాను. మా నాన్న కూడా నన్ను ఇదే మాట అడిగాడు.

మీ మామగారి మాటలో నిజం లేకపోలేదు. ఒక్క నది కూడా లేని ఆ దేశం సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి ఇంటింటికీ ఇస్తుంది. నేనున్నన్నాళ్లూ మా వీధిలో కరెంటు పోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనం ఎన్నేళ్లు బతుకుతున్నారు, ఎన్నేళ్లు చదువుతున్నారు, తలకు ఎంత ఆదాయం అని చూసి ఐక్యరాజ్యసమితి 1990 నుంచి మానవాభివృద్ధి సూచీ కడుతోంది. అందులో కువైట్ అన్నిటికన్నా పై వర్గంలో ఉంది, మనం మధ్య వర్గంలో ఉన్నాం. అక్కడ సగటు ఆయుష్షు 80 ఏళ్ల పైమాటే, మన దగ్గర 72 దరిదాపుల్లో ఉంది. మన దేశంలో వెయ్యిమంది పిల్లలు పుడితే ఏడాది నిండకుండానే పాతికమంది దాకా పోతున్నారు. ఇది చిన్న తేడా కాదమ్మా.

అయితే ఆ సూచీలో మీ ఆయన బతుకు ఎక్కడుందో వెతకాలి. కువైట్‌లో ఉండే జనంలో మూడింట రెండొంతుల మంది మనలా బయటి నుంచి వెళ్లినవాళ్లే. సగటు కట్టేటప్పుడు విల్లాలో ఉండే సేఠ్‌నూ, ఆ విల్లా వెనక గదిలో పడుకునే డ్రైవర్‌నూ ఒకే కుప్పలో పోస్తారు. అక్కడి పౌరుడికి ప్రభుత్వ బడి, ఆసుపత్రి, ఇంటికి సాయం, అన్నీ ఉన్నాయి. మీ ఆయనకు దక్కేది జీతం. భార్యాపిల్లల్ని పిలిపించుకోవాలంటే ఇప్పుడు మామూలుగా 800 దినార్ల జీతం చూపించాలి. మీరెప్పటికీ ఆ బతుకులో పాలు పంచుకోలేరు.

మా గది సంగతి చెబుతాను. ఆరుగురం, ఒకదాని మీద ఒకటి మంచాలు. జూలైలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు ఎంత కాగేవంటే, తెల్లారుజామున కూడా కొళాయి కింద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. అందుకని రాత్రే బకెట్లు నింపి ఏసీ గదిలో వరసగా పెట్టుకునేవాళ్లం, ఎవరి బకెట్ మీద వాళ్ల పేరు రాసుకుని. గోడకు రెండు గడియారాలు ఉండేవి. ఒకటి అక్కడి టైము, ఇంకోటి రెండున్నర గంటలు ముందుండే మన టైము. ఆ రెండోది చూసి, పాప ఇప్పుడు బడి నుంచి వచ్చుంటుంది, ఇప్పుడు అన్నం తింటూ ఉంటుంది అనుకునేవాణ్ణి. మా అమ్మ పోయినప్పుడు నా అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, రెన్యువల్‌లో ఉంది. మూడో రోజు పాలు పోసే వేళకు గానీ ఇల్లు చేరలేకపోయాను. నెలనెలా పంపిన డబ్బులు ఏ లెక్కలో రాసినా దానికి సరిపోలేదు.

అయినా డబ్బు సంగతి దాటేయను. ఒక డాలరుకు అమెరికాలో వచ్చే సరుకు మన దగ్గర ఇరవై రూపాయల చిల్లరకే వస్తుందని ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్క చెబుతుంది. బజారులో డాలరు రేటేమో ఎనభై దాటింది. అక్కడ సంపాదించి ఇక్కడ ఖర్చు పెట్టడం వల్లే కువైట్ డబ్బుకు అంత బలం. మీ ఇల్లు, పిల్లల ఫీజులు దాంతోనే గడిచాయి. ఆయన విమానం దిగిన రోజు నుంచి ఆ బలం ఉండదు. ఇక్కడ స్కూల్ బస్సు తోలితే అందులో సగం రావడమే కష్టం.

ఇంకో భయం ఆసుపత్రి. నేను వచ్చిన రెండో ఏడు నాన్నకు గుండెనొప్పి వచ్చింది. టెన్షన్‌లో దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆరోగ్యశ్రీ కార్డు ఇంట్లోనే ఉంది, ఆ ఆసుపత్రి పథకంలో ఉందా అని అడగాలని తోచలేదు. నాలుగు రోజుల్లో ఏడాదిన్నర పొదుపు కరిగిపోయింది. ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మీకు దగ్గర్లో ఏయే ఆసుపత్రులు అందులో ఉన్నాయో ఈ వారమే కనుక్కుని రాసి పెట్టుకోండి.

నా మాట అడిగితే ఆయన్ను రమ్మనే అంటాను. పాప పదో తరగతికి వచ్చేలోపు నాన్న ఇంట్లో ఉండాలి. కాకపోతే అప్పులు తీరి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే టికెట్ తీయమనండి. మన పల్లెల్లో కువైట్ డబ్బు ముందు మిద్దెకే పోతుంది. పైఅంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడు ఆపండి.

ఇంకొకటి మీ ఆయనకు తప్పక చెప్పండి. కువైట్ 2015లో తెచ్చిన ఇంటి పనివాళ్ల చట్టం డ్రైవర్లకూ వర్తిస్తుంది. పని మానేటప్పుడు ఏడాదికో నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి. ఈ సంగతి తెలియక, టికెట్ ఇస్తే చాలనుకుని వచ్చేసినవాళ్లను చాలామందిని చూశాను. సేఠ్‌ను మర్యాదగానే అడగమనండి, కుదరకపోతే మన ఎంబసీకి వెళ్లమనండి. డబ్బు చేతిలో పడకుండా, ‘అన్నీ ముట్టాయి’ అని రాసిన అరబ్బీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దని చెప్పండి.