మాట తక్కువైతే డాక్టరు కాకూడదా?

ప్రశ్న: మాది నర్సంపేట. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి మాట తక్కువ. పెళ్లికి తీసుకెళ్తే గంట తిరక్కముందే ఇంటికి పోదామంటుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. హాస్టల్లో చేరినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని ప్రతి ఆదివారం ఫోన్లో ఏడుస్తోంది. భయం పోతుందని మొన్న వేసవిలో దుకాణంలో కూర్చోబెట్టాను. లెక్కలు బాగానే రాసింది. ఒక తక్‌పట్టీలో (అమ్మకం లెక్క రాసే చీటీలో) బస్తాల లెక్క తేడా ఉందని తూకం వేసే దడ్వాయి కన్నా ముందే పట్టుకుంది. కానీ రైతుకూ ఖరీదుదారుకూ మాటామాటా పెరిగితే లేచి లోపలికి వెళ్లిపోయేది. మా అన్న కొడుకు ఫోన్లో ఏదో పరీక్ష రాయించి, ఈమెది ‘ఐఎన్‌ఎఫ్‌జే’ రకం, పైగా అతి సున్నితమైన మనిషి, డాక్టరు చదువు పనికిరాదని తేల్చాడు. ఆమెకేమో డాక్టరు కావాలని ఉంది. మాన్పించాలా? వ్యక్తిత్వ వికాస శిక్షణకు పంపితే మారుతుందా?

జవాబు: మాన్పించకండి. శిక్షణకూ పంపకండి. మీరు ముందుగా చూడాల్సింది హాస్టల్ సంగతి. దాని గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు.

చిన్నప్పటి నుంచి మాట తక్కువ, పెళ్లి సందడిలో త్వరగా అలసిపోతుంది అన్నారు. అది స్వభావం. నిద్ర లేకపోవడం, ఆదివారం ఏడుపు కాలేజీలో చేరాక వచ్చాయి. అవి స్వభావం కావు. పదహారేళ్ల పిల్లకు కొత్త స్వభావం ఒక్కసారిగా ఊడిపడదు. ఈ రెండింటినీ కలిపి ‘ఆమె రకమే అంత’ అనుకుంటే, సరిదిద్దగలిగినదాన్ని కూడా తలరాతగా ఒప్పుకున్నట్టవుతుంది.

మీ అన్నగారి అబ్బాయి చెప్పిన నాలుగు అక్షరాల సంగతి. మనుషుల్ని అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విడదీసి చూడటాన్ని ప్రచారంలోకి తెచ్చింది స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్, 1921లో. ఆయన ఆలోచనలు చదివి అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఒక ప్రశ్నావళి తయారు చేశారు. ఇద్దరిలో ఎవరూ మనస్తత్వశాస్త్రం చదువుకున్నవారు కారు. నాలుగు జతల గుణాల్లో ఒక్కో జతలో ఎటు మొగ్గితే ఆ అక్షరం వేస్తారు. ‘ఐఎన్‌ఎఫ్‌జే’ లాంటి పదహారు రకాలూ అలా వచ్చినవే. ఫోన్లో ఉచితంగా దొరికేవి ఎక్కువగా దానికి నకళ్లు. చిక్కు ఎక్కడంటే, నూటికి 51 మార్కులు ఒక వైపు మొగ్గినవారికీ 95 మొగ్గినవారికీ అదే అక్షరం పడుతుంది. నిజానికి చాలామంది మధ్యలోనే ఉంటారు. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే ఎంతోమందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది. ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేయడానికి దీన్ని వాడవద్దని ఆ పరీక్షను నడిపే సంస్థే చెబుతుంది. అలాంటిది మీ వాడు ఏకంగా ఎంబీబీఎస్ సీటే రద్దు చేశాడు!

పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా వాడేది ఐదు లక్షణాల కొలత. అందులో రకాలు ఉండవు, ఒక్కో లక్షణం ఎవరిలో ఎంత పాళ్లలో ఉందో మాత్రమే చూస్తారు. మీ విషయంలో పనికొచ్చేది ఒకటుంది: జనంలో కలిసే గుణాన్ని ఒక కొలతగా, ఆందోళన పడే గుణాన్ని మరో కొలతగా లెక్కిస్తారు. మాట తక్కువైన మనిషి గుండె నిబ్బరంతో ఉండవచ్చు. గలగలా మాట్లాడే మనిషి లోపల వణుకుతూ ఉండవచ్చు. మీ అమ్మాయి మౌనాన్ని మీరు భయం కింద జమ కట్టారు.

‘అతి సున్నితం’ అన్న మాట 1990ల్లో ఎలైన్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పరిశోధనతో వ్యాప్తిలోకి వచ్చింది. చప్పుడు, వెలుతురు, వాసన, ఎదుటివారి ముఖంలో మార్పు, ఇవన్నీ కొందరికి మిగతావారికన్నా లోతుగా తాకుతాయని, అలాంటివారు ఐదారుగురిలో ఒకరు ఉంటారని ఆమె అంచనా. అది జబ్బు కాదు. పైగా వారిలో కొందరు చక్కగా కలివిడిగా తిరిగేవారే. ఎక్కువ గమనించే మనిషి త్వరగా అలసిపోతుంది, అంతే తేడా.

ఇప్పుడు మళ్లీ మీ దుకాణానికి వద్దాం. మీరు ఫిర్యాదు రాస్తున్నాననుకుని సాక్ష్యం రాశారు. మిర్చి సీజన్లో ఎనుమాముల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ధర తేల్చే జెండా పాట మొదలయ్యే వేళకు యార్డు నిండా బస్తాలు, ఘాటు, హమాలీల కేకలు, కాంటాల దగ్గర తోపులాట. ఆ గోలలో కూర్చుని, ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న మనిషి కన్నా ముందే తేడాను పదో తరగతి దాటిన పిల్ల పట్టుకుంది. రక్తపరీక్ష చీటీలో ఒక అంకె మిగతావాటితో పొసగడం లేదని గుర్తించే చూపు సరిగ్గా ఇదే. తగాదా వచ్చినప్పుడు లేచి వెళ్లిందన్నారు. వెళ్లి ఏం చేసింది? ఏడుస్తూ కూర్చుందా, కాసేపటికి తిరిగొచ్చి లెక్క పూర్తి చేసిందా? మీరు రాయలేదు. లెక్కలు బాగానే రాసిందన్నారు కాబట్టి తిరిగొచ్చే ఉంటుంది. తనను తాను కూడదీసుకోవడం ఆమెకు తెలుసు.

ఇక మారుతుందా అన్న ప్రశ్న. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే ఆయన నాలుగు నెలల పసిపిల్లల ముందు రంగురంగుల బొమ్మలు ఆడించి, కొత్త గొంతులు వినిపించి, కొత్త వాసనలు చూపించి గమనించారు. ఐదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ గట్టిగా కొట్టుకుని ఏడ్చారు. ఆ పిల్లల్ని యౌవనం దాకా వెంబడించి చూస్తే, చాలామంది మరీ పిరికివాళ్లుగా మిగల్లేదు. అలాగని సభల్లో చెలరేగిపోయేవారిగా మారినవారూ అరుదే. అంటే భయం తగ్గుతుంది, మూలస్వభావం మాత్రం ఉంటుంది. వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చే వేసవి శిబిరాల మీద నాకు పెద్దగా నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. మాట్లాడటం నేర్పాలంటే ప్రాక్టికల్స్‌లో జరిగే వైవా చాలు. ఒక్క లెక్చరర్ ముందు, తనకు తెలిసిన విషయం మీద, ముందే సిద్ధమై నాలుగు మాటలు చెప్పడం. ఇలాంటి పిల్లలకు సిద్ధమయ్యే వ్యవధి ఇస్తే గొంతు దానంతట అదే వస్తుంది.

డాక్టరు చదువు గురించి దాపరికం లేకుండా చెబుతాను. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాది వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీలు, క్యాజువాలిటీ, కిటకిటలాడే ఓపీ తప్పవు. మీ అమ్మాయికి అది మిగతావారికన్నా బరువుగానే ఉంటుంది. ఈ మాట ఆమెకు ఇప్పుడే చెప్పండి. అది దాటాక వైద్యంలో ఎన్నో దారులున్నాయి. పాథాలజీ, మైక్రోబయాలజీ, రేడియాలజీలో జనంతో తాకిడి తక్కువ. పిల్లల వైద్యం, మానసిక వైద్యంలో జనం ఉంటారు గానీ, రోగి చెప్పని మాటను పసిగట్టేవారికి అక్కడ గిరాకీ ఎక్కువ. సీటు రాకపోతే దానికి కారణం నీట్ ర్యాంకే అవుతుంది.

ర్యాంకు రాకపోయినా బైపీసీ వారికి ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయం, ఫార్మసీ, ఫారెస్ట్రీ ఉన్నాయి. (ఫారెస్ట్రీ కళాశాల ములుగులోనే ఉందనగానే మనవాళ్లు సంబరపడతారు. అది సిద్దిపేట జిల్లా ములుగు, మన ములుగు కాదు.) అయితే కోర్సు పేరు చూసి ‘ఇది నెమ్మదస్తులకు సరిపోతుంది’ అని తీర్మానించకండి. అదే వ్యవసాయ పట్టాతో విస్తరణాధికారి అయితే పొద్దంతా రైతుల మధ్యే ఉండాలి. విత్తన పరీక్షల ప్రయోగశాలలో చేరితే మధ్యాహ్నం దాకా ఎవరూ పలకరించకపోవచ్చు. మాట తక్కువ పిల్లల్ని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే సరి అనుకునే తల్లిదండ్రులకు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా మీటింగులే ఉంటాయని తెలియదు. స్వభావాన్ని బట్టి ఎంచుకోవాల్సింది రోజు ఎలా గడుస్తుందన్నది. చదువును ఇష్టాన్ని బట్టి, మార్కులను బట్టి ఎంచుకోవచ్చు.

ఇప్పుడు హాస్టల్. గదికి ఎంతమంది? దీపాలు ఎప్పుడు ఆర్పుతారు? తెల్లవారుజామున స్టడీ అవర్‌కు మైకులో లేపుతారా? ఆమె మంచం తలుపు పక్కనా, కిటికీ పక్కనా? లెక్చరర్ అందరి ముందూ మార్కులు చదివి తిడతారా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకోండి. మంచం మార్పించడం, చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు, రోజుకు అరగంట ఒంటరిగా నడిచే అనుమతి, ఇవి చిన్నవే అయినా వార్డెన్‌ను అడగనిదే దొరకవు. అప్పటికీ నిద్ర కుదరకపోతే, వాళ్లమ్మో నాయనమ్మో తోడుగా కాలేజీకి దగ్గర్లో అద్దె గది తీసుకోండి. మన వైపు చాలా కుటుంబాలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. ‘నాలుగు నెలల్లో అదే అలవాటవుతుంది’ అని ఎదురుచూడకండి, నిద్ర లేకుండా బైపీసీ నడవదు.

ఒక జాగ్రత్త. తిండి మానేసినా, పాత స్నేహితురాళ్లతో కూడా మాట్లాడకపోయినా, బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఒక్కటి అన్నా, అది స్వభావం కాదు, హాస్టల్ అలవాటు కాదు, వైద్యం కావాల్సిన విషయం. ఆ రోజే వెళ్లి వెంట తెచ్చుకోండి. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రీ పగలూ పలికే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు నిద్రపోనివ్వండి. చుట్టాలిళ్లకు తిప్పకండి. ఆ తర్వాత మీకు తెలిసిన డాక్టరు ఎవరినైనా అడిగి ఒక ల్యాబుకూ, ఒక వార్డుకూ తీసుకెళ్లండి. వీలైతే మామునూరు పశువైద్య కళాశాలకు ముందే ఫోన్ చేసి వెళ్లండి. అక్కడ మీరు మాత్రం బయట కూర్చోవాలి. వ్యాపారస్తులు కదా, పక్కనుంటే ప్రశ్నలన్నీ మీరే అడిగేస్తారు. తిరిగొచ్చే దారిలో ఎలా ఉందని అడగకండి. రెండు రోజులాగి తనే చెబుతుంది. అప్పుడు ఏం చెప్పిందో నాకు రాయండి, గ్రూపు సంగతి, కోచింగ్ సంగతి దాన్ని బట్టి మాట్లాడుకుందాం.