ముగింపు తెలిసిన రాణి కథ తెలుగులో రాయడం ఎలా?

మీరు అడిగింది ఇది: పదహారో శతాబ్దపు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు రాణుల మీద తెలుగులో నవల రాయాలని ఉంది, కానీ రెండో రాణి యాన్ బొలీన్ తల పోతుందని అందరికీ ముందే తెలుసు, ఇక చదివేవాళ్లని ఏం పట్టి కూర్చోబెడుతుంది, ఎంతవరకు కల్పించొచ్చు అని. నేను మూడేళ్ల కింద ఇదే పని నెత్తికెత్తుకుని, ఒక పోటీకి పంపి, అది తిరిగొచ్చాక మొదటి నుంచి మళ్లీ రాసుకుంటున్నదాన్ని. కాబట్టి సలహా కంటే నా దెబ్బలు చెప్తాను.

మా బెళ్లందూరు అపార్ట్‌మెంట్‌లో ఆదివారం సాయంత్రం ఆరేడుగురం తెలుగువాళ్లం చేరతాం. ఎవరు ఏది రాస్తే అది చదివి వినిపించడం, కాఫీ తాగుతూ తిట్లు తినడం. హిందూపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. నా మొదటి అధ్యాయంలో యాన్ నోరు తెరిచి "ప్రభూ! తమ కరుణాకటాక్ష వీక్షణములకై ఈ దాసి..." అనగానే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "ఏమ్మా, ఈయమ్మను సురభి నాటకంలోంచి పట్టుకొస్తివా? సరే, అది పక్కన పెట్టు. రాజు ఈమెను నువ్వంటాడా, మీరంటాడా? పేజీకో రకంగా ఉంది."

చూసుకుంటే నిజమే. నేను చదివిన ఇంగ్లీషు నవలల్లో 'యు' ఒక్కటుంటే సరిపోతుంది. మనకి ప్రతి వాక్యంలోనూ తేల్చాలి. మొదట్లో ఇదేం తలనొప్పి అనుకున్నాను. నెల తర్వాత అర్థమైంది, నాకు కావలసిన ఉత్కంఠంతా అందులోనే ఉందని. ఈ ఆస్థానంలో గొడ్డలి ఆఖర్న వస్తుంది. అంతకు ముందే పిలుపు మారిపోతుంది.

మొదటి రాణి అరగాన్ కేథరిన్‌నే చూడండి. 1509లో పెళ్లి. ఇరవై ఏళ్లకు పైగా రాణి. 1533లో పెళ్లి చెల్లదన్నారు, ఇకమీదట ఆమె రాణి కాదు, చనిపోయిన హెన్రీ అన్న ఆర్థర్ భార్య మాత్రమే, 'విధవ యువరాణి' అని పిలవాలన్నారు. ఆ మాట మోసుకుని లార్డ్ మౌంట్‌జాయ్ కాగితాలతో వచ్చాడు. ఆమె కలం తెప్పించుకుని, ఆ బిరుదు ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడల్లా గీత కొట్టేసింది. నేను ఈ ఒక్క దృశ్యానికి నాలుగు పేజీలు ఇచ్చాను. పక్కన నిలబడ్డ దాసీ ఆ క్షణంలో ఆమెను "రాణీగారూ" అనాలా వద్దా? అంటే రాజుకి కోపం, అనకపోతే ఈమె కంటి చూపు. దీనికంటే సస్పెన్స్ ఏం కావాలి?

యాన్ విషయంలో ఇంకా బాగుంది. హెన్రీకి ఉత్తరం రాయడమంటే బద్ధకం, అయినా ఆమెకు తన చేత్తో రాసిన ప్రేమలేఖలు పదిహేడు మిగిలాయి, అవి ఇప్పుడు వాటికన్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిల్లో కొన్ని ఫ్రెంచిలో రాశాడు, తనను తాను ఆమె సేవకుడినని చెప్పుకున్నాడు. అంటే తెలుగులో ఆయన ఆమెను 'మీరు' అనాలి! పెళ్లయ్యాక నా రాజు 'నువ్వు'లోకి దిగుతాడు. 1533 సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టాక 'ఏమే' అంటాడు. 1536 మే 1న గ్రీనిచ్‌లో పోటీలు జరుగుతుండగా హఠాత్తుగా లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆమెను చూడలేదు. ఇక పిలుపే లేదు. ఆ తర్వాత మిగతావాళ్ల నోట మొదట 'ఆవిడ', పోనుపోను 'అది'. ఈ మెట్లు వేసుకున్నాక నాకు తేదీలు గుర్తుచేయాల్సిన పనే తగ్గిపోయింది, చదివేవాళ్లకి ఒక్క సర్వనామంతో గుండె గుభేలుమంటుంది.

మా ఇంట్లో పనిచేసే బాగేపల్లి అక్కకి ఇంట్లో తెలుగే. ఆమె మా మావగారిని కూడా "నువ్వు తింటివా నాయినా" అంటుంది, అందులో ఎంత గౌరవముందో వింటే తెలుస్తుంది. నేను గోదావరి దాన్ని కాబట్టి మొదట ఉలిక్కిపడ్డాను. తర్వాత ఆ 'నాయినా'ని తీసుకెళ్లి కేథరిన్ ముసలి దాదికి పెట్టాను. కథలో మనసారా మాట్లాడే ఒకే ఒక మనిషి అలా మాట్లాడుతుంది, మిగతావాళ్లంతా 'మీరు' అంటూనే గోతులు తవ్వుతారు.

గోతులంటే గుర్తొచ్చింది. రాణి వెనక ఎవరు నిలబడ్డారో చూసుకోండి. యాన్ మొదట కేథరిన్ పరిచారిక. మూడో రాణి జేన్ సీమోర్ ఈ యాన్ పరిచారిక. ఐదో రాణి కేథరిన్ హోవర్డ్ నాలుగో రాణి క్లీవ్స్ యాన్ పరిచారిక. ఈ మూడుసార్లూ రాబోయే రాణి ఆ గదిలోనే ఉంది, కుచ్చిళ్లు సర్దుతూ. జైల్లో కూడా అంతే. యాన్ బొలీన్‌ని లండన్ టవర్‌లో పెట్టినప్పుడు చుట్టూ ఆమెకు నచ్చని ఆడవాళ్లను ఉంచారు. ఆమె ఏం మాట్లాడినా వాళ్లు టవర్ అధికారి కింగ్‌స్టన్‌కి చెప్పేవారు, ఆయన రాజుగారి మంత్రి క్రామ్‌వెల్‌కి రాసేవాడు. ఆమె ఆఖరి రోజుల మాటలు చాలావరకు మనకు మిగిలింది ఆ చాడీల పుణ్యమే. "న్యాయం లేకుండానే చస్తానా?" అని ఆమె అడిగితే, రాజుగారి రాజ్యంలో ఎంత పేదవాడికైనా న్యాయం ఉంటుందన్నాడు కింగ్‌స్టన్. ఆమె నవ్వింది. నేను ఆ నవ్వు దగ్గర ఏ వర్ణనా పెట్టలేదు, మీరూ పెట్టకండి.

ఎంత కల్పించొచ్చు అన్నారు. గది, తిండి, మనసులో మాట మీవి. తేదీ, తీర్పు మీవి కావు. 1536 మే 17న యాన్ బొలీన్ పెళ్లి చెల్లదని తేల్చి, పరపురుషులతో తిరిగిందన్న నేరానికి 19న తల తీశారు. పెళ్లే కాకపోతే పరపురుషుల నేరం ఎక్కడిది అని మా వాళ్లలో ఒకాయన వాదించాడు. అలాంటివి కల్పించబోతే మనకి తోచవు, ఉన్నది ఉన్నట్టు రాసేయండి. నేను చేసిన తప్పులు రెండు. యాన్‌కి ఆరు వేళ్లు పెట్టాను. అది ఆమె పోయిన దాదాపు యాభై ఏళ్లకు నికొలస్ శాండర్ అనే విరోధి పుస్తకంలో అచ్చయిన కథ. రెండోది, అరగాన్ కేథరిన్ చేత పొద్దున్నే టీ తాగించాను. ఇంగ్లండుకి టీ వచ్చింది పదిహేడో శతాబ్దంలో! "రాయలవారికి మిరపకాయ బజ్జీ పెట్టినట్టుంది" అన్నారు మాస్టారు. పోటీవాళ్లు తిప్పి పంపింది దీనికేనేమో అని నా అనుమానం, కారణం మాత్రం వాళ్లు చెప్పలేదు.

కేథరిన్ హోవర్డ్ గురించి ఎక్కువ చెప్పను, అది రాస్తుంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. 1541 నవంబరులో ఇక ఆమె రాణి కాదని చాటింపు వేశారు. 1542 ఫిబ్రవరి 13న చంపారు. ముందురోజు రాత్రి, మెడ పెట్టే మొద్దు తెప్పించుకుని, ఎలా తల వాల్చాలో ప్రాక్టీసు చేసుకుంది పాపం.

ఆఖరి రాణి కేథరిన్ పార్ మాత్రం మాటతోనే బయటపడింది. ఆ కాలపు రచయిత జాన్ ఫాక్స్ రాసిన ప్రకారం, మతం విషయంలో రాజుతో వాదించినందుకు అరెస్టు సిద్ధమవుతోందని తెలిసి, "మీతో వాదించింది మీ దగ్గర నేర్చుకోవడానికే, మీ కాలి నొప్పి మరిపించడానికే" అని రాజుకి చెప్పుకుంది. మర్నాడు పట్టుకోవడానికి భటులతో వచ్చిన మంత్రి రియోథస్లీని రాజే తిట్టి పంపాడు. ఆ దృశ్యంలో నా పార్ ప్రతి వాక్యానికీ ఒక 'అండీ' ఎక్కువ వేస్తుంది.

ఇప్పుడు నేను ఆగిపోయింది క్లీవ్స్ యాన్ దగ్గర. 1540లో ఆరు నెలలకే పెళ్లి రద్దు చేసి, ఆమెను 'రాజుగారి ప్రియ సోదరి' అన్నారు. యాన్ బొలీన్ పుట్టింటివాళ్ల హీవర్ కోట కూడా ఈమెకే ఇచ్చారు. నిన్నటిదాకా మొగుడు, ఇవాళ అన్న. మరి తెలుగులో ఆమె ఆయన్ని ఏమని పిలవాలి? "అన్నయ్యా" అంటే మా గుంపంతా నవ్వుతోంది, "రాజావారూ" అంటే చప్పగా ఉంది, మాస్టారేమో "అసలు పిలవనీకుండా రాయి" అంటున్నారు. రెండు వారాలుగా ఆ వాక్యం ఖాళీగా ఉంది. మీకేమైనా తోస్తే కింద చెప్పండి.