గ్రానైట్, టైల్స్ పనికి లైసెన్స్ ఎక్కడిస్తారు?

ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నా లైసెన్స్ దొరకట్లేదని మీ ప్రశ్నలో అన్నారు. టైల్స్ పరిచే, కిచెన్ గట్టుకు గ్రానైట్ బిగించే మేస్త్రీకి మన దగ్గర విడిగా లైసెన్సే లేదు. ఇప్పిస్తానన్న ఏజెంటుకు డబ్బులివ్వకండి. కావాల్సినవి సర్టిఫికెట్, లేబర్ కార్డు.

1. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గరి న్యాక్‌లో (నిర్మాణ పనుల శిక్షణ సంస్థ, నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్) గురించి అడగండి. చేతిలో ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అది. మీకు మొత్తం కోర్సు అక్కర్లేదు.

2. లేబర్ కార్డు కోసం భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోండి. వయసు 18-60 మధ్య ఉండాలి.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే: గత 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. మనది ఒక్కో ఫ్లాట్‌లో నాలుగైదు రోజుల పని. అందుకే పని ముగిసిన రోజే, పని చేయించుకున్న వాళ్లతో తేదీలు రాయించి సంతకం తీసుకోండి. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తరు, నాకు బాగా తెలుసు!