ఆన్‌లైన్‌లో కారు పార్టులు కొనొచ్చా? బేరింగ్‌తో దెబ్బ తిన్నాక నేర్చుకున్నది

తొమ్మిదేళ్ల పాత కారుకి ముందు బ్రేక్ ప్యాడ్లు, ఎడమ హెడ్‌లైటు మార్చాలని, ఆన్‌లైన్‌లో సగం ధరకే కనిపిస్తున్నా డూప్లికేట్ అంటగడతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. కొనొచ్చండీ. నా కారుకి చాలా పార్టులు నేను అలాగే తెప్పించుకుంటాను. డూప్లికేట్ భయం నిజమే కానీ, నాకు ఎక్కువసార్లు తగిలిన దెబ్బ వేరు. పార్టు అసలుదే, మంచి కంపెనీదే, కానీ నా బండిది కాదు.

ఒకసారి ముందు చక్రం దగ్గర గూయ్‌మని మోత మొదలైంది. బేరింగ్ పోయిందన్నాడు మెకానిక్. ఆన్‌లైన్‌లో వెతికితే నా కారు పేరు, మోడల్ సంవత్సరం కొట్టగానే 'మీ కారుకి సరిపోతుంది' అని పచ్చటి టిక్కు వచ్చింది. పేరున్న కంపెనీ సరుకు. ఇంటికొచ్చాక లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు అన్నీ కొలిచి చూశాను, తేడా లేదు. మెకానిక్ ప్రెస్ మీద పెట్టి బిగించాడు. మోత పోయింది. రోడ్డెక్కిన కాసేపటికే డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగింది. గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటే ఏబీఎస్.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పటి చాలా కార్లలో బేరింగ్‌కి ఒక పక్కన ఉండే సీలులోనే అయస్కాంత వలయం ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఏబీఎస్ సెన్సర్ దాన్ని చూసే పసిగడుతుంది. నేను కొన్న దాంట్లో ఆ వలయం లేదు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ప్రెస్‌తో ఎక్కించిన బేరింగ్‌ని ఊడబీకితే అది మళ్లీ వాడటానికి పనికిరాదు. కాబట్టి ఇంకో బేరింగ్, ఇంకోసారి కూలి. బిగించిన వస్తువు వెనక్కి తీసుకోనన్నాడు అమ్మినవాడు. అతని తప్పేం లేదు. పెట్టె మీద ఉన్న నంబరుకీ, నా కారుకి కావాల్సిన నంబరుకీ చివరి అక్షరం తేడా. నేనే చూడలేదు.

అప్పటినుంచి పార్టు పేరుతో వెతకడం మానేశాను, నంబరుతోనే వెతుకుతాను. పాత పార్టు విప్పినప్పుడు దాన్ని గుడ్డతో తుడిచి చూడండి. పోత మీదో, స్టిక్కరు మీదో, వెనక రేకు మీదో నంబరు ఉంటుంది. చెరిగిపోతే కారు ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో స్పేర్ పార్టుల కౌంటర్‌ని అడగండి, మీ బండికి సరిపడే పార్టు నంబరు చెబుతారు. ఛాసిస్ నంబరులో మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అందులో వాడరు, 1తోనూ 0తోనూ కలిసిపోతాయని. కాబట్టి 'ఓ'లా కనిపించేది సున్నానే. కంపెనీలు అప్పుడప్పుడు పాత నంబరు తీసేసి దాని బదులు కొత్తది ఇస్తాయి. అలాంటప్పుడు నంబరు తేడాగా ఉన్నా పార్టు సరైనదే కావచ్చు, కౌంటర్లో అడిగితే అదీ తెలుస్తుంది. 'ఫలానా సంవత్సరం మోడల్' అన్న మాటని మాత్రం నమ్మకండి. ఒకే ఏడాది మధ్యలో పార్టు మారిపోయిన కార్లు ఉన్నాయి. పైగా మీ కాగితాల్లో ఉన్నది రిజిస్ట్రేషన్ తేదీ, బండి తయారైంది అంతకు ముందే.

ఇక మీ బ్రేక్ ప్యాడ్లు. ఒకే పేరున్న కారులో ఇంజన్‌ని బట్టి, ప్యాడ్లని డిస్కుకి నొక్కిపట్టే క్యాలిపర్లు రెండు మూడు రకాలు వస్తాయి, డిస్కు సైజూ మారుతుంది. అరిగినప్పుడు డాష్‌బోర్డు మీద లైటు వెలిగించే సెన్సర్ తీగ కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పాత ప్యాడ్ ఆకారం కాగితం మీద పెన్సిలుతో గీసి, పొడవు, ఎత్తు రాసి పెట్టుకోండి. లిస్టింగ్‌లో ఇచ్చిన కొలతలతో పోల్చి చూసుకోవచ్చు. ఎడమ, కుడి రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. ఒక్కదానికే కొత్తవి వేస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

సగం ధర అనగానే అనుమానించక్కర్లేదు. కారు కంపెనీలు ప్యాడ్లు చాలావరకు తామే తయారు చేయవు, వేరే తయారీదార్ల దగ్గర కొని తమ పెట్టెలో పెట్టి అమ్ముతాయి. ఆ తయారీదారు సొంత పెట్టెలో అమ్మితే అదే స్థాయి సరుకు తక్కువకే వస్తుంది. అనుమానించాల్సింది, అదే బ్రాండు అదే నంబరు మిగతా అందరి దగ్గరా ఒక ధర ఉండి ఒక్కడి దగ్గర మాత్రం అందులో మూడో వంతే ఉన్నప్పుడు.

ప్యాడ్ వెనక రేకు మీద గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన అంకె, ఆ తర్వాత 90ఆర్ అని ఉందేమో చూడండి. ఐరోపాతో పాటు చాలా దేశాలు పాటించే నిబంధన అది. మార్చి వేసే ప్యాడ్ల బ్రేకింగ్ అసలు వాటికి 15 శాతానికి మించి తేడా ఉండకూడదంటుంది. 'ఈ' పక్కన 1 ఉంటే ఆమోదం ఇచ్చింది జర్మనీ, 2 అయితే ఫ్రాన్స్. సరుకు తయారైన దేశం కాదది. నకిలీ వాళ్లు ఈ ముద్ర కూడా కొట్టగలరు, కాబట్టి ఇదొక్కటే చాలదు. ఒకసారి నాకొచ్చిన ప్యాడ్ల పెట్టె మీద అచ్చు అలుక్కుపోయినట్టుంది, రేకు మీద బ్యాచ్ నంబరే లేదు, నాలుగింటిలో ఒకదాని అంచు పెచ్చులూడుతోంది. బిగించకుండా తిప్పి పంపేశాను. పార్సెల్ విప్పుతూ తీసిన వీడియో చూపించాక డబ్బులు వెనక్కొచ్చాయి.

ఆ వీడియో అలవాటు మీరూ చేసుకోండి, రెండు నిమిషాల పని. సైటు పేరు చూసి ఊరుకోకుండా అమ్ముతున్నది ఎవరో చూడండి. పెద్ద సైట్లలో కూడా ఎవరెవరో దుకాణాలు తెరుస్తారు. సమీక్షలు చదివితే ఒక్కోసారి అవి వేరే వస్తువు గురించి ఉంటాయి. ఫోన్ కవరు బాగుందని బ్రేక్ ప్యాడ్ల కింద రాసి ఉండగా చూశాను. డబ్బులు సైటు ద్వారా కార్డుతోనే కట్టండి. 'నేరుగా నా ఖాతాకి వేస్తే తగ్గిస్తా' అనేవాడితో మాట కలపొద్దు. మెకానిక్‌ని ముందే అడగండి, బయట కొన్న పార్టు కొందరు బిగించరు, బిగించినా పనికి గ్యారంటీ ఇవ్వరు. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూసేదాకా బిగించనివ్వకండి, పాతది పారేయనివ్వకండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్తాను. ఎయిర్‌బ్యాగు మాత్రం ఎంత చవకైనా ఇలా కొనొద్దు. పేలేదాకా అది మంచిదో కాదో తేల్చుకునే దారి మనకి లేదు. ఎయిర్‌బ్యాగుని గ్యాసుతో ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు నాసిరకంవి బిగించిన కార్లలో ప్రమాదం జరిగినప్పుడు లోహపు ముక్కలు డ్రైవరు మీదికే ఎగిరి ముగ్గురు చనిపోయారని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2024లో హెచ్చరించింది.

హెడ్‌లైటుకి వస్తే, ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చుంటే మన ఎడమ, ఎదురుగా నిలబడి చూస్తే కాదు. ఇది తిరగేసుకుని ఆర్డరిచ్చేవాళ్లు చాలామంది. ఇంకొకటి, వేరే దేశం నుంచి తెప్పిస్తే అక్కడ బండ్లు రోడ్డుకి ఏ పక్కన నడుస్తాయో చూడాలి. లో బీమ్, అంటే డిమ్ లైటు, వెలుగు రోడ్డు అంచు వైపు కాస్త పైకి లేచేలా అద్దాన్ని తీరుస్తారు. పక్క మారితే ఆ వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. అచ్చంగా అతుక్కుపోయినట్టు బిగిసినా అది మీకు పనికిరాని లైటే. బల్బు రకం, వెనక ప్లగ్గు పిన్నులు, ఎత్తు సరిచేసే మోటారు ఉందో లేదో కూడా పాతదాంతో పోల్చండి.

అసలు ఆ లైటు ఎందుకు మార్చాలనుకుంటున్నారో రాయలేదు. పగిలితే సరే. పసుపెక్కి వెలుగు తగ్గిందనే అయితే కొనేముందు పాలిష్ చేయించి చూడండి. పైన ఉండేది పాలికార్బొనేట్ ప్లాస్టిక్కు, ఎండకి దాని పై పూత పాడై మసకబారుతుంది. నాది నీళ్లతో తడిపి వాడే గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టి, పైన ఎండని ఆపే పూత వేశాను. ఆ పూత వేయకపోతే కొన్ని నెలలకే మళ్లీ మొదటికొస్తుంది.