నల్లగుడ్డ మీద బొగ్గుబాయి

ప్రశ్న: మాది గోదావరిఖని. నేను బొగ్గుబాయిలో పనిచేస్తాను. మా బాబు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. వాళ్ల అమ్మమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాడు. ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి ఫ్రేమ్ బిగిస్తున్నాడు. మొన్న నల్లగుడ్డ మీద మా బాయి బొమ్మ కుట్టాడు. ఎంసెట్ రాయను, ఇదే చదువుతానంటున్నాడు. మగపిల్లాడు సూది పట్టడమేందని చుట్టాలు నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చుట్టాల సంగతి ముందు తేల్చేద్దాం. హైదరాబాద్ పాతబస్తీలో, ఉత్తరాదిన బరేలీలో జర్దోసీ (జరీదారంతో చేసే ఎంబ్రాయిడరీ) చట్రం చుట్టూ కూర్చునే పనివాళ్లలో తరతరాలుగా మగవాళ్లే ఎక్కువ. పెళ్లిళ్లకు మన ఆడవాళ్లు ముచ్చటపడి వేయించుకునే మగ్గం వర్క్ జాకెట్లు ఎన్నో మగవాళ్ల చేతుల మీదుగా వచ్చినవే.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మాత్రం ఆ నల్లగుడ్డ. కుట్టు నేర్చుకునేవాళ్లు మొదట నెమలి, మామిడిపిందె, తీగ అచ్చు వేసుకుని కుడతారు. చెయ్యి కుదరాలంటే అది అవసరమే. అచ్చు పక్కన పెట్టి తన ఇంట్లో చూసినదాన్ని కుట్టాలని ఒక పిల్లాడికి అనిపించిందంటే, వాడికి చెప్పుకోవలసినదేదో ఉందని అర్థం. బిహార్‌లో ముజఫర్‌పూర్ జిల్లా భుసురా ఊరి ఆడవాళ్లు పాత చీరల్ని పొరలుగా పేర్చి సుజనీ అనే కుట్టుపని చేస్తారు. అందులో ఎక్కువగా ఉండేది మామూలు పరుగు కుట్టే. దాంతోనే వరకట్నం, ఆడపిల్లల చదువు, తమ ఇళ్లలోని కష్టాలు గుడ్డ మీదికి తెచ్చారు. 2006లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా దక్కింది.

ఇక చదువు. ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) రాయించండి, ఇంటర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపనివ్వకండి. హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) నాలుగేళ్ల బీడిజైన్ డిగ్రీకి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. టెక్స్‌టైల్ డిజైన్ మీ వాడికి బాగా దగ్గరి కోర్సు. ప్రవేశ పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. అందులో బొమ్మలు గీయాలి, సొంత ఆలోచన చూపాలి. తర్వాత దశలో ఇచ్చిన సామాను తోనే అక్కడికక్కడ ఏదో ఒకటి చేసి చూపమంటారు. సూది ఎంత వచ్చినా పెన్సిల్ రాకపోతే ఇక్కడ నెగ్గలేడు. కాబట్టి రోజూ ఓ అరగంట బొమ్మలు గీయమనండి. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌ఐడీకి (జాతీయ డిజైన్ సంస్థ) కూడా దరఖాస్తు చేయించండి.

ఫీజులు లక్షల్లో ఉంటాయి, ఆ లెక్క ముందే చూసుకోండి. ఇంకో నిజం కూడా చెప్పాలి. పక్కవాళ్ల డిజైన్‌కు పీస్‌రేటు మీద కుట్టేవాళ్లకు మిగిలేది తక్కువ, కళ్లూ నడుమూ ముందే అలిసిపోతాయి. డిజైన్ తనదైనప్పుడే బేరం తన చేతిలో ఉంటుంది. బొటిక్‌లు, ఎగుమతి సంస్థలు, సినిమా దుస్తుల విభాగాలు వెతికేది అలాంటివాళ్లనే. అందుకే వాడు కుట్టిన ప్రతిదాన్నీ, పాడైనవి సహా, తేదీ వేసి ఓ పుస్తకంలో అంటించమనండి. ఏ దారాన్ని ఎందుకు ఎంచుకున్నాడో పక్కనే రెండు మాటలు రాయాలి.

ఆ నల్లగుడ్డను మీరోసారి చేతిలోకి తీసుకోండి. వెనక్కి తిప్పి చూడండి, ముడులు శుభ్రంగా ఉంటే చెయ్యి కుదిరినట్టే. అది మీ ఏ షిఫ్టో, అందులో మీరెక్కడున్నారో వాణ్నే అడగండి.